ఉతికిన కోటు

ఆ గదికి మూడు గోడలే. నాలుగో గోడ ఉండాల్సిన చోట నేల నుంచి పైకప్పు దాకా ఒకటే అద్దం. అద్దం అవతల, రెండడుగుల దూరంలో, ఒక జిరాఫీ మెడ వంచి తొట్టిలో ఆకులు నములుతోంది. మా అక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూస్తోంది.

"పడకగదిలోంచే అడవి" అని రిసార్టు గేటు మీద రాసుంది. అది అడవి కాదు. కంచె వేసిన మైదానం, నాటిన గడ్డి, సిమెంటు బండలు, మోటారుతో పారే వాగు. అడవిని నరికేసి, దాని బొమ్మ కట్టి, ఆ బొమ్మకి టిక్కెట్టు పెట్టే కాలం ఇది. ఆ మాటే పైకి అన్నాను.

"మొదలెట్టింది," అన్నాడు బావ సోఫాలో వెనక్కి వాలుతూ. ఆయన ఈ రిసార్టు మేనేజరు. నేను వచ్చానని, వాళ్ళ క్వార్టరు వదిలి ముగ్గురం ఆ రాత్రికి ఈ అతిథుల గదిలో దిగాం. "మరదలా, విప్లవం వచ్చేదాకా మెత్తటి పరుపు మీద పడుకున్నా తప్పేం లేదట. నేను కనుక్కున్నాను."

"పరుపు మెత్తగా ఉంటే జైలు హోటలైపోదు బావా."

"అబ్బ! భోజనం అయ్యేదాకా అయినా నోరు మూసుకోవే," అంది అక్క. "ఏడాదికోసారి కలుస్తాం. అప్పుడూ ఉపన్యాసమేనా?"

అక్కకి తెలియదు. నేను చుట్టపుచూపుగా రాలేదు.

నేను పనిచేసే ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి నెల కిందట ఒకావిడ వచ్చింది. ఆమె భర్త ఇరవై రెండేళ్ళుగా ఈ జంతువులకి కాపరి. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మూడు నెలలుగా ఇంటికి రాలేదు. అడిగితే మేనేజరు "పని మానేసి వెళ్ళిపోయాడు" అన్నాడట. ఆమె కేసు వెయ్యమనలేదు, పరిహారమూ అడగలేదు. "ఒక్క మాట కనుక్కుని చెప్పమ్మా. ఉన్నాడంటే ఎదురుచూస్తాను. లేడంటే ఏడుస్తాను. రెండూ కాకుండా ఎన్నాళ్ళు?" అంది. కనుక్కుంటానని మాటిచ్చాను. ఆ మేనేజరు మా బావేనని మాత్రం చెప్పలేకపోయాను. మౌనం కూడా నేరంలో భాగమేనని గోడల మీద రాసేది మేమే. రాసే చేతికి ఆ రోజు నోరు రాలేదు.

పొద్దు వాలే వేళకి బావ నన్ను అద్దం దగ్గరికి పిలిచాడు. "చూడు, తమాషా చూపిస్తాను."

మైదానం చివర్నుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. నలభై దాటినవాడు. ఒంటి మీద ముదురాకుపచ్చ కాన్వాసు కోటు, భుజాల దగ్గర వదులుగా. పెద్దాయన స్థానంలో వచ్చిన కొత్తాయన. అతని వెనక జంతువులన్నీ కదిలాయి. రెండు జిరాఫీలు, తొమ్మిది జీబ్రాలు, అన్నిటికంటే వెనక ఒక నిప్పుకోడి. తోసుకోలేదు, పరిగెత్తలేదు. అతను ఆగితే ఆగాయి.

"ఆ కోటు పాత కాపరిది," అన్నాడు బావ. "వాడు మానేశాక ఇవి నాలుగు రోజులు మేత ముట్టలేదు. ఎవడు పిలిచినా రాలేదు. అప్పుడు నాకీ ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్ళ చెమట వాసన ఆ గుడ్డలో ఉంది. ఎవడు తొడుక్కున్నా వాడి వెనకే వస్తాయి. రాత్రికి ఏ గది బయట తగిలిస్తే ఆ గది ముందు పడుంటాయి. ఉతకొద్దని గట్టిగా చెప్పాను. వాసనే మరదలా, ఇందులో తత్వశాస్త్రం ఏమీ లేదు."

మనిషి పోయినా అతని చెమట డ్యూటీ చేస్తోంది. పైకి అనలేదు. బావ "వాడు" అన్నప్పుడల్లా నా కళ్ళలోకి చూడకుండా కోటు వైపు చూస్తున్నాడు. అది గమనించాను.

అద్దం పక్కన మేత కిటికీ ఉంది. చిన్న చెక్క తలుపు తెరిచి అతిథులు ఆకులు అందించడానికి. దాని పక్కన బయట గోడకి కొక్కెం. కొత్తాయన కోటు విప్పి అక్కడ తగిలించి, నా వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాయి. అక్కా నేనూ మంచం మీద, బావ సోఫాలో. దీపాలు ఆర్పేశాం. తొట్టి మీద ఒక పసుపు బల్బు మాత్రం వెలుగుతోంది. మేత కిటికీ సందులోంచి ఎండుగడ్డి వాసన, తడి తోలు వాసన, వాటి అడుగున పేడ వాసన. నములుతున్న చప్పుడు. తోకలు ఈగల్ని కొడుతున్న చప్పుడు. వినగా వినగా అది ఒకే జంతువు ఊపిరిలా అనిపించింది.

నేను ఆ కోటు కోసమే మేలుకున్నాను. పెద్దాయన భార్య ఒక గుర్తు చెప్పింది. పైనుంచి రెండో గుండీ ఎర్ర దారంతో కుట్టింది. "ఆ కోటు లేకుండా ఆయన గేటు దాటడమ్మా. ఎండాకాలమైనా సరే, భుజాన వేసుకునైనా వస్తాడు." మానేసి వెళ్ళినవాడు కోటు వదిలి వెళ్ళడు. అదే నా సాక్ష్యం.

ఒంటిగంట దాటింది. ఇద్దరి ఊపిరీ బరువెక్కింది. లేచాను. మేత కిటికీ గడియ తీసి, చెయ్యి బయటికి పెట్టి, కొక్కెం తడిమి, కోటు లోపలికి లాగాను.

ఫోను వెలుగులో చూశాను. రెండో గుండీ... ఎర్ర దారం.

దొరికాడు మా బావ, అనుకున్నాను. కోటు ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను. ఎందుకో. ఆ మనిషిని ఒకసారి పలకరించినట్టు.

సబ్బు వాసన.

ఇంకోసారి చూశాను. చంకల్లో, కాలర్లో, జేబుల్లో. చెమట లేదు. గడ్డి లేదు. సబ్బు పొడి వాసన తప్ప ఇంకేమీ లేదు.

"అమ్మా..."

ఉలిక్కిపడ్డాను. మేత కిటికీ అవతల కొత్తాయన ముఖం. రాత్రి గస్తీకి వచ్చాడు. టార్చి ఆర్పేసి ఉంది.

"సారుకి చెప్పకండమ్మా," అన్నాడు గుసగుసగా. "కంపు భరించలేక ఉతికేశాను. రెండుసార్లు."

"ఎప్పుడు?"

"పది రోజులైంది."

"మరి సాయంత్రం నీ వెనకే వచ్చాయిగా?"

అతను వెనక్కి తిరిగి జంతువుల్ని చూశాడు. మళ్ళీ నా వైపు వంగాడు. "నా వెనక రాలేదమ్మా. అవి ఇటే వస్తున్నాయని తెలిసి నేనే ముందు నడిచాను. లేకపోతే కోటు ఉతికానని తెలిసిపోదూ?"

"ఇటే ఎందుకు?"

"నిన్న రాత్రి ఆఫీసు వెనక నిలబడ్డాయి. మొన్న మీ అక్కగారి క్వార్టరు వైపు కంచె దగ్గర. తెల్లారేదాకా." నా భుజం మీదుగా సోఫా వైపు చూశాడు. "సారు ఎక్కడ పడుకుంటే... అక్కడ."

అతను వెళ్ళిపోయాడు. వెళ్ళాడో పరిగెత్తాడో తెలియదు.

అప్పుడు గమనించాను. నమలడం ఆగిపోయింది.

తోకలు ఆగిపోయాయి. మోటారు వాగు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. పన్నెండు తలలూ అద్దానికి దగ్గరగా వచ్చాయి. తొట్టి నిండా ఆకులున్నాయి. ఒక్కటీ తొట్టి వైపు చూడటం లేదు. కోటు నా చేతిలో ఉంది. నా వైపూ చూడటం లేదు.

వాటి చూపు వెంట వెనక్కి తిరిగాను.

బావ సోఫాలో లేచి కూర్చుని ఉన్నాడు. చీకట్లో. ఎంతసేపట్నుంచో.

"కోటు బయట తగిలించెయ్," అన్నాడు. "తగిలించెయ్ తల్లీ."

"ఉతికేశారు బావా. పది రోజులైంది."

ఆయన లేచి నిలబడ్డాడు. పన్నెండు తలలూ కొంచెం లేచాయి. ఆయన బాత్రూం తలుపు దాకా వెళ్ళాడు. తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. మళ్ళీ సోఫా దగ్గరికి వచ్చాడు. తలలూ వచ్చాయి. అద్దం మీద వాటి ఊపిరి మబ్బులా పట్టి, కరిగి, మళ్ళీ పడుతోంది.

అద్దానికి దగ్గరగా వెళ్ళి చూశాను. అవి బావని చూడటం లేదు. బావకి ఎడమ పక్కన, ఒక మనిషి పట్టేంత దూరంలో, ఖాళీని చూస్తున్నాయి.

"పెద్దాయన్ని ఏం చేశారు?" అని అడిగాను. కోపమొస్తే నాకు మీరు పోయి నువ్వు వస్తుంది. "నిన్నే బావా. ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు."

"ఏమీ చెయ్యకపోవడమేనా చేసింది?"

సోఫా అంచున కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ఒక్కో ముక్కా.

ఆ రోజు యజమాని, ఆయన భాగస్వాములు విందుకి వచ్చారట. సాయంత్రం పెద్దాయన గుండె పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. అంబులెన్సు గేట్లోంచి వస్తే అందరూ చూస్తారు. మేత షెడ్డులో కాసేపు పడుకోమన్నాడు బావ. వాళ్ళు వెళ్ళగానే ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. తడబడుతూ బయటికొచ్చి అతిథుల కంట పడతాడేమోనని తాళం వేశాడు. విందు అర్ధరాత్రి దాటింది. బావకి మర్నాడు పొద్దున గుర్తొచ్చింది.

"పొద్దున..." అన్నాను.

"తాళం వేసినట్టే ఉంది. తీశాను. గడ్డి మీద మనిషి పడుకున్న ఆనవాలు. కోటు మడిచి పెట్టి ఉంది. మనిషి లేడు. ఒకటే తలుపు, ఒకటే తాళంచెవి. కిటికీలో నా చెయ్యి పట్టదు. మొత్తం వెతికాను. ఇవన్నీ షెడ్డు చుట్టూ నిలబడి ఉన్నాయి. అందుకే... అక్కణ్ణుంచి లాగడానికే కోటు తగిలించాను. ఎవరికి చెప్పను? ఏమని చెప్పను?"

"ఆయన భార్యకి."

"ఏమని?"

నా దగ్గర ఎన్ని నినాదాలున్నాయో. ఒక్కటీ అక్కరకు రాలేదు.

"మూడు నెలలుగా ఆ తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నావు." అక్క గొంతు. పడుకునే ఉంది, కళ్ళు తెరిచి. "అడిగితే స్టోరు రూముది అన్నావు. నేనూ నమ్మాను. నమ్మలేదు గానీ... ఊరుకున్నాను."

బావ ఆమె వైపు చూశాడు. అక్క అటు తిరిగింది. ఆ క్షణంలో నాకు వాళ్ళ పదేళ్ళ కాపురం చప్పుడు లేకుండా విరగడం కనిపించింది. ఇన్నేళ్ళూ వ్యవస్థని కూల్చాలని కేకలు పెట్టినదాన్ని. కూలేది మా అక్క ఇల్లని ముందే తెలిసుంటే వచ్చేదాన్నా? వచ్చేదాన్నేనేమో. తెలియదు.

"షెడ్డు తాళం తీసేస్తాను," అన్నాడు బావ. "మళ్ళీ వేశాను, అదే తప్పయ్యింది. తీసి, తలుపు బార్లా తెరిచి పెడతాను. అంతకంటే నేనేం చెయ్యను?"

"తెల్లారనివ్వు బావా. నేనూ వస్తాను. పోలీసుల్ని పిలుద్దాం."

వినలేదు. సోఫాలో దిండు కింద నుంచి తాళంచెవి తీశాడు. కాపరులు వాడే పక్క తలుపు తెరుచుకుని మైదానంలోకి దిగాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

జంతువులు దారి ఇచ్చాయి.

బావ వాటి మధ్యలోంచి వెళ్ళాడు. అవి వెనక కదిలాయి. సాయంత్రం లాగే తోపులాట లేదు, తొందర లేదు. జిరాఫీలు, జీబ్రాలు, చివర నిప్పుకోడి. అక్కా నేనూ అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డాం. మా ఊపిరి ఇటువైపు పట్టింది. వాటి ఊపిరి అటువైపు ఇంకా ఆరలేదు.

ఫోనులో పెద్దాయన భార్య నంబరు తీశాను. నాకు కావాల్సింది దొరికింది. నేరం దొరికింది, నేరస్థుడు దొరికాడు, ఒప్పుకోలు నా చెవులారా విన్నాను. పొద్దున్నే ఠాణాకి వెళ్తాను, వెనకాడను. కానీ ఆమె అడిగింది అది కాదు. ఒక్క మాట. ఉన్నాడా, లేడా. వేలు అక్షరాల మీద ఆడిస్తూ ఉండిపోయాను. ఏ మాట టైపు చెయ్యను?

బావ మైదానం మధ్యకి చేరాడు. ఆయన వెనక జంతువుల గుంపు బిగుతుగా, ఒళ్ళు ఒళ్ళు ఆనించుకుని నడుస్తోంది. బావకి ఎడమ పక్కన మాత్రం ఒక ఖాళీ. ఒక మనిషి వెడల్పు. ముందున్న జీబ్రా ఆ ఖాళీలోకి ఒక అడుగు వేసి, చటుక్కున వెనక్కి తగ్గి, తల దించింది.

"ఏమే," అంది అక్క. నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "అటు చూడు. మీ బావ..."

చూశాను. బావ నడక నెమ్మదించింది. ముసలివాళ్ళ పక్కన నడిచేటప్పుడు మనం నెమ్మదిస్తామే, అలా. తల ఎడమ వైపు కొద్దిగా వంచాడు. మేత కిటికీ తెరిచే ఉంది. గాలి ఇటే వీస్తోంది. చీకట్లోంచి ఆయన గొంతు సన్నగా వినిపించింది. తెరపి ఇచ్చి ఇచ్చి, శ్రద్ధగా, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు...

"ఊఁ."

"ఊఁ."

"...ఊఁ."