కోడలు పరిగెత్తిన ఉదయం

“నీకు దండం పెడతానమ్మా, ఇంక పరిగెట్టకు,” అంది అత్తగారు సౌభాగ్య.

గేటు దగ్గర కాలనీ ఆడవాళ్లు గుమిగూడారు. వాళ్ల మధ్య కొత్త తెల్ల బూట్లతో, కారుతున్న చెమటతో తేజస్వి నిలబడిపోయింది. పెళ్లయి ఈ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చి నలభై రోజులే. వ్యాయామం చేయించే ఒక వెబ్‌సైట్‌ని చూపించింది భర్త మనోజే. ఎంత దూరం పరిగెత్తిందో రాస్తే చాలు, తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగి “భేష్, రేపు ఇంకొంచెం” అనేది. ఆ ఒక్క మాటకే తేజస్వి రోజంతా కూనిరాగాలు తీసేది! ఇన్నాళ్లూ గ్రౌండ్ చుట్టూనే తిరిగింది. ఇవాళ ఆ ‘ఇంకొంచెం’ కోసం క్వార్టర్ల మధ్య దారి పట్టింది.

మామగారు ఆదినారాయణ గూడ్సు డ్రైవరు, రాత్రి నుంచి డ్యూటీలో ఉన్నారు. చున్నీ నడుముకి బిగించి ఇంటివైపు పరిగెత్తుకొస్తున్న కోడల్ని చూసి, పక్కింటి అప్పలనర్సమ్మ “ఓలమ్మో, అన్నయ్యకేటో అయిపోనాది” అని గొల్లుమంది. సౌభాగ్య పొయ్యి మీద పాలు వదిలేసి చెప్పుల్లేకుండా వీధిలో పడింది.

“మన క్వార్టర్ల లైన్లో ఆడది పరిగెట్టిందంటే ఇంజన్ల షెడ్ నుంచి చెడ్డ కబురొచ్చినట్టేనమ్మా,” అంది సౌభాగ్య. “మనోజ్ కడుపులో ఉన్నప్పుడు నేనూ అలాగే పరిగెట్టేను. ఆ ప్రమాదం మీ మావయ్యకి కాలు విరగడంతో పోయింది. అందరికీ అలా పోలేదు...”

“అచ్ఛా, కంప్యూటర్ చెప్తే పరిగెట్టేస్తావేటి? అది అంట్లు తోమమంటే తోముతావా?” అప్పలనర్సమ్మ దెప్పింది.

తేజస్వి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల దించలేదు. అత్తగారి చేతులు గట్టిగా పట్టుకుంది.

“మిమ్మల్ని భయపెట్టాను, తప్పే అత్తయ్యా. కానీ మానను. ఆడవాళ్లు చెడ్డ కబురుకే పరిగెత్తాలా? నాకు సంతోషంగా ఉంటుంది, అందుకు పరిగెత్తుతాను.”

సౌభాగ్య కోడలి ముఖంలోకి చూసి అడిగింది.

“రోజూ పరిగెడతావా? ఒక్కరోజూ మానకుండా?”

“రోజూ, అత్తయ్యా.”

“అయితే నాగా పెట్టకు. ఎప్పుడో ఒకనాడు పరిగెడితేనే మాకు గుండాగిపోద్ది.”

పవిట చెంగుతో కోడలి ముఖం తుడిచి, ఆమె గేటు వైపు తిరిగింది.

“ఇనండర్రా. రేపట్నుంచి మా కోడలు పరిగెడతన్నాదంటే, ఈ ఇంట్లో అందరూ బాగున్నారని.”