ముల్లు తీసిన ఏడాది

"ఫ్రిజ్జు తేలిందండీ డాక్టర్ గారూ!" అన్నాడు గోవర్ధన్, తల మీద తీగల టోపీతో పొట్ట పట్టుకుని నవ్వుతూ. "తుపాను నీళ్ళు నడుములోతు వచ్చేసరికి అది వంటింట్లోంచి బయల్దేరి, హాల్లోకి వచ్చి, వీధి తలుపు దగ్గర ఆగింది. వెళ్ళొస్తానని చెప్పడానికి ఆగిన చుట్టంలాగా! నేను దాన్ని కౌగిలించుకుని పోకే, పోకే అని బతిమాలుతున్నాను."

అతని తండ్రి సీతాపతి గారు, కూతురు ఇందుజ విరగబడి నవ్వారు. నాలుగో కుర్చీలో కూర్చున్న వకుళ మాత్రం నవ్వు ముఖం పెట్టింది, అంతే. టోపీ వదులుగానే ఉన్నా చేత్తో మళ్ళీ మళ్ళీ సర్దుకుంటోంది. ఆ తుపాను పూట మొగుడు కరెంటు తీగ తెగిపడిన నీళ్ళలో నిలబడి ఉన్నాడన్న సంగతి ఆమెకు ఇంకా ఒంట్లో వణుకులాగే ఉంది.

అది కాకినాడ సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టిన పరిశోధనా కేంద్రం. ఆ కుర్చీలకు కేంద్రం వాళ్ళు పెట్టిన పేరు రీకాల్ యూనిట్. ఊళ్ళో జనం నవ్వుల కుర్చీలంటారు. అది చేసే పని చెప్పడానికి సులువే. మనం ఒక సంగతి గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు ఆ జ్ఞాపకాన్ని తెరుస్తుంది. మళ్ళీ మూసేలోపు కొంతసేపు అది పచ్చిగా ఉంటుంది, అప్పుడే పోసిన సిమెంటులాగా. ఆ కాసేపట్లో టోపీలోని కాయిల్స్ సన్నని అయస్కాంత తరంగాలు పంపి, భయాన్ని పుట్టించే అమిగ్డాలా అనే భాగాన్ని శాంతపరుస్తాయి. జ్ఞాపకం గట్టిపడేసరికి జరిగింది జరిగినట్టే గుర్తుంటుంది. దాని ముల్లు మాత్రం ఉండదు. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుతూ చెప్పుకుంటే ఫలితం ఇంకా బాగుంటుందని దాన్ని తయారుచేసిన డాక్టర్ తబస్సుమ్ కనిపెట్టింది. అందుకే డిసెంబరు వచ్చిందంటే చాలు, ఏడాదంతా నలిగిపోయిన కుటుంబాలు అక్కడ వరస కడుతున్నాయి.

వకుళ వాళ్ళకు ఆ ఏడాది నిజంగానే ఊపిరాడనివ్వలేదు. తుపాను పోయిందనుకునేసరికి గోవర్ధన్‌కు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. మత్తు దిగుతుండగా అతను సర్జన్ చెయ్యి పట్టుకుని, "కుక్కర్ మూడో కూత వేసింది, కట్టెయ్" అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు సీతాపతి గారు మందుల షాపుకని వెళ్ళి దారి మరిచిపోయారు. ఊరంతా వెతికితే ఆయన ఎవరిదో గృహప్రవేశంలో పెద్దబంతిలో కూర్చుని, రెండోసారి పులిహోర వేయించుకుంటూ దొరికారు.

"అప్పటికే ఆ ఇంటి కొడుకూ కోడలూ నా కాళ్ళకు దణ్ణం పెట్టేశారమ్మా," అన్నారు సీతాపతి గారు తబస్సుమ్‌తో. "దీవించకుండా లేచి రావడం మర్యాద కాదు కదా!"

తబస్సుమ్ కూడా నవ్వేసింది. తెర మీద గీతల్ని ఒకసారి చూసుకుని, "ఇంకేదైనా ఉందా?" అంది.

"రైలుగేటు!" అంది ఇందుజ. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. "ఆగస్టులో నాకు ఊపిరందకపోతే అమ్మ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తోంది. గేటు పడింది. రైళ్ళకు డ్రైవర్లు పోయి ఎన్నేళ్ళయినా గేట్లు మాత్రం పోలేదు కదండీ! అమ్మ ఆటో దిగి, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బాత్రూమ్ స్లిప్పరుతో పట్టాల పక్కన నిలబడి, గూడ్సు బండికి దణ్ణం పెట్టింది. తొందరగా వెళ్ళు నాయనా అని! అందులో మనిషే లేడు!"

అందరూ ఘొల్లుమన్నారు. వకుళ టోపీ తీసేసింది.

ఆరోజు ఆమె ఆటో దిగింది, ఒళ్ళో తల పెట్టుకున్న పిల్లకు కాసేపు ఊపిరి ఆగిపోయినందుకే. గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఊపిరి ఆగిన సంగతి కూతురికి తెలియదు. తెలియజేయాలని వకుళ ఏనాడూ అనుకోలేదు.

"నావల్ల కావట్లేదు డాక్టర్ గారూ," అంది.

"బలవంతమేం లేదమ్మా," అంది తబస్సుమ్ మెల్లగా. "మీరు బయట కూర్చోండి. వాళ్ళవరకు పూర్తి చేస్తాను."

అద్దానికి అవతల నుంచి ముగ్గురి నవ్వూ వినబడుతూనే ఉంది.

జనవరి అంతా ఇల్లు తేలికపడిపోయింది. గోవర్ధన్ ఉలిక్కిపడి లేవడం మానేశాడు. పొద్దున్నే కూనిరాగాలు తీస్తున్నాడు. సీతాపతి గారు చేతికర్ర ఊపుకుంటూ ఒక్కరే షికారుకు పోతున్నారు. ఇందుజ కాలేజీకి వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్ బల్ల మీదే వదిలేసి వెళ్తోంది. వకుళ ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి పోపులపెట్టె పక్కన, ఇంకోటి కారులో పెట్టింది. మామగారు వీధి మలుపు తిరిగేదాకా బాల్కనీలో నిలబడేది. నలుగురు పడాల్సిన ఆదుర్దా ఒక్కతే పడుతున్నట్టుండేది ఆమెకు. ఉండబట్టలేక తబస్సుమ్‌కు ఫోన్ చేసింది.

"మా వాళ్ళు దేనికీ బెదరడం లేదండీ. మామూలేనా ఇది?"

"ప్రమాదం ఏదో వాళ్ళకు తెలుస్తుందమ్మా. అన్ని పరీక్షలూ చేశాం. తెలివికి ఏమీ కాలేదు."

"తెలివి సంగతి కాదండీ..." అంది వకుళ. ఫోన్ పెట్టేసి, మామగారు వస్తున్నారేమోనని బాల్కనీలోకి నడిచింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు అటక సర్దడం మొదలుపెట్టారు. తుపానులో తడిసి ఎండిన పాత పరుపులు దించుతుంటే దుమ్ము గదంతా కమ్మేసింది. వంటింట్లో ఉన్న వకుళకు దగ్గు వినిపించింది. దగ్గు కాదు, దాని వెనక సన్నటి పిల్లికూత. చేతిలో గరిటె అలాగే ఉండగా పరిగెత్తింది.

ఇందుజ గోడకానుకుని కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి. ముఖంలో చిరునవ్వు!

"ఏం... కాదమ్మా... తగ్గి... పోతుంది..."

"గేటు పడిందేమో ఫోన్‌లో చూడమను మీ అమ్మను," అన్నాడు గోవర్ధన్ నిచ్చెన మీదనుంచి. ఆ మాటకు పిల్ల నవ్వబోయింది. నవ్వడానికి ఊపిరి చాలలేదు.

వకుళ ఇన్‌హేలర్ తెచ్చి రెండుసార్లు పీల్పించింది. తగ్గలేదు. కూతుర్ని నడుం పట్టుకుని లేపి, కారులోకి ఎక్కించింది. గేటు వైపు వెళ్ళకుండా చుట్టుతిరిగి ఫ్లైఓవర్ మీద పోనిచ్చింది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి పిల్ల వీపు మీద. "నాతో మాట్లాడు, ఇందూ, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉంది. ఫ్లైఓవర్ దిగేసరికి ఇందుజ మాట్లాడడం లేదు.

ఆస్పత్రిలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. పిల్ల రంగు తిరిగాక డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచిందమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు. వకుళ బెంచీ మీద కూలబడింది. అప్పుడు వచ్చాడు గోవర్ధన్. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

చెప్పులు లేని ఆమె కాళ్ళను అతను చూశాడు. పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలుసు వకుళా," అన్నాడు. "పెదాలు నీలంగా ఉండడం చూశాను. ఆస్పత్రికి తీసుకెళ్ళాలనీ తెలుసు. నిచ్చెన దిగాను, చేతులు కడుక్కున్నాను, చొక్కా మార్చుకున్నాను. తొందర ఎందుకో మాత్రం తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. ఇందుజ నా కూతురు!"

వకుళకు అతని మీద కోపం రాలేదు. అతన్ని చూస్తే భయం వేసింది.

మర్నాడు ఇద్దరూ కేంద్రానికి వెళ్ళారు. విన్నంతసేపూ తబస్సుమ్ తల ఎత్తలేదు.

"నా భయం నాకిచ్చేయండి," అన్నాడు గోవర్ధన్.

"తీసిన ముల్లు మళ్ళీ గుచ్చలేనండీ. ఈ కుర్చీల్లో చెప్పుకోని సంగతేదైనా ఎదురై, అది కొత్తగా గుచ్చుకోవాల్సిందే." అంది తబస్సుమ్. "భయాన్ని రోగమనుకున్నాను. తలుపు దగ్గర కాపలా ఉందనుకోలేదు. కొన్నాళ్ళు కుర్చీలు ఆపేస్తాను."

ఆపింది కూడా. జనం ఊరుకోలేదు. మాకు నిద్రల్లేవని గొడవచేశారు. చివరికి కేంద్రం ఒక నిబంధనతో మళ్ళీ తెరిచింది. ప్రతి ఇంట్లో ఒక్కరు చికిత్స లేకుండా ఉండిపోవాలి. ఎవరు మానుకోవాలో ఆ ఇంటివాళ్ళే తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టేది కాదు. మొగుడూ పిల్లలూ లోపలికి వెళ్ళేవాళ్ళు, ఇంటావిడ బయట బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు తబస్సుమ్ ఆ బెంచీల వరసను చూసి వకుళకు ఫోన్ చేసింది.

"మీరు చాలా అలిసిపోయారమ్మా. మీ ఇంట్లో ఆ భయపడే పని ఇంకెవరైనా చూసుకోగలిగితే మీకు చికిత్స చేస్తాను."

వకుళకు ఏడుపొచ్చింది. అవుననాలనే ఉంది. హాల్లోకి చూసింది. మొగుడూ కూతురూ మామగారూ టీవీ చూస్తూ నవ్వుతున్నారు. "మళ్ళీ చెప్తానండీ," అంది.

వేసవిలో ఒక సాయంత్రం ఆమె సామర్లకోటలో ఉన్న చెల్లెల్ని చూసి వస్తుంటే, చెరుకుతోటల మధ్య బస్సు బ్యాటరీ పోయి ఆగిపోయింది. ఫోన్‌లోనూ చార్జింగు అయిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఎదురుచూసి, అపార్ట్‌మెంటు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి.

ముగ్గురూ కిందే ఉన్నారు. గోవర్ధన్ చొక్కా గుండీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. సీతాపతి గారి చేతికర్ర టకటకా నేలను కొట్టుకుంటోంది. ఆమెను చూడగానే ఇందుజ పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకుంది. ఆ పట్టుకు నొప్పి పుట్టింది.

"ఎక్కడికి పోయావు? ఫోనెందుకు తీయవు? బస్సుకేమైనా అయిందా, నీకేమైనా అయిందా, ఎవర్ని అడగాలి మేము?" గోవర్ధన్ అరుస్తున్నాడు.

"వీళ్ళిద్దరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదమ్మాయ్," అన్నారు సీతాపతి గారు. "నాకూ అంతే."

వకుళ ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ముగ్గురి కళ్ళలోనూ పచ్చి భయం. నెలల తరబడి ఎంత వెతికినా ఆ ఇంట్లో కనిపించనిది. బస్సు ఆగిపోయిందని చెప్పబోయింది. మాటకు బదులు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. నవ్వీ నవ్వీ నిలబడలేక మెట్ల మీద కూర్చుండిపోయింది.

"నవ్వుతావేంటమ్మా?" అంది ఇందుజ ఏడుపు గొంతుతో. "ఇక్కడ మా ప్రాణాలు పోయాయి!"

"ఇంకోసారి అను," అంది వకుళ కళ్ళు తుడుచుకుంటూ.