నాలుగో మెషీన్ ప్లగ్గు

"నా సర్వర్ ప్లగ్గు ఎవరు పీకారండీ?"

టైలర్ షాపు గుమ్మంలో నిలబడి, ఆయాసపడుతూ అడిగాడు అతను. టైలరమ్మాయి చేతిలోని ఇస్త్రీపెట్టె ఎత్తి చూపించింది.

"నేనే. దీనికోసం. చొక్కా ముడతలు మీ సర్వర్‌తో పోవు కదండీ."

అతను కింద కూర్చుని మెషీన్‌ని మళ్లీ కలిపే పనిలో పడ్డాడు.

ఇంతకీ సంగతేమిటంటే, ఆఫీసులో పారేయబోయిన నాలుగు పాత కంప్యూటర్లు తెచ్చి, ఒకదానికొకటి కలిపి, చుట్టాలందరి ఫోటోలూ దాచడానికి సొంతంగా ఒక క్లస్టర్ కట్టాడు మన మహానుభావుడు. మూడు అతని గదిలోనే ఉన్నాయి. ఇంట్లో కరెంటు పోతే అన్నీ ఒకేసారి ఆగిపోతాయని, నాలుగోది పక్క వీధిలో ఈమె షాపులో పెట్టాడు. ఇన్ని షాపులుండగా అదే ఎందుకురా అని వాళ్లమ్మ అడిగితే, "అక్కడ గాలి బాగా ఆడుతుందమ్మా," అన్నాడు. ఆ షాపుకి కిటికీ కూడా లేదు.

రోజూ నాలుగింటికి ఆమె ప్లగ్గు తీసేది. మెషీన్ ఆగిందని ఇతని ఫోన్ మోగేది. ఇంటినుంచే ఉద్యోగం కాబట్టి, కాళ్లకి ఏ చెప్పులు దొరికితే అవి తగిలించుకుని పరిగెత్తేవాడు. మెషీన్‌ని మళ్లీ మిగతావాటితో కలపడానికి రెండు నిమిషాలు చాలు. "కుదురుకుందో లేదో చూడాలి" అంటూ అరగంట కూర్చునేవాడు. ఒకరోజు వాన పట్టుకుంది.

"తగ్గాక వెళ్తానండీ," అన్నాడు.

"తగ్గి గంటయింది," అంది ఆమె, గుండీ కుడుతూ తలెత్తకుండానే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మనవాడికి తెలివి ఎక్కువ. ఒక ఆదివారం కూర్చుని, కంప్యూటర్లు వాటంతటవే సర్దుకునేలా ఒక స్క్రిప్ట్ రాశాడు. నాలుగోది ఆగితే దాని పని మిగతా మూడూ అందుకుంటాయి, కరెంటు రాగానే అదే వచ్చి కలుస్తుంది. ఫోన్ మోగదు.

"అమ్మా, ఇక నేను వెళ్లనక్కర్లేదు," అన్నాడు గర్వంగా.

"అయ్యో నాయనా," అంది వాళ్లమ్మ. "మరెలా వెళ్తావు?"

కూర్చున్న కొమ్మనే నరుక్కున్నానని అప్పుడు తెలిసింది. వెళ్లడానికి వంక లేదు, వంక లేకుండా వెళ్లే ధైర్యమూ లేదు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ఆమే మెషీన్‌ని చంకనెత్తుకుని అతని ఇంటికి వచ్చింది.

"ఇదిగోండి. ఇది ఉన్నా లేకపోయినా మీకు తేడా తెలియట్లేదు. నా షాపులో ఎందుకు?"

"లేదండీ, ఇది చాలా ముఖ్యం. చూపిస్తా ఉండండి," అంటూ కంగారుగా కంప్యూటర్ తెరిచాడు. మెషీన్ ఆగిన ప్రతిసారీ స్క్రిప్ట్ టైముతో సహా రాసిపెట్టింది. ఇన్నాళ్లలో అతను దాన్ని ఒక్కసారీ చదవలేదు.

"ఫోన్ మోగకుండా నేను పెట్టిన స్క్రిప్ట్ రాసింది చూడండి, రోజుకి నాలుగుసార్లు ఆగింది. ఇస్త్రీ ఒకసారే కదండీ?"

"బట్టలెక్కువ వచ్చాయి."

"ఆదివారం కూడా నాలుగుసార్లుంది. షాపుకి సెలవు కదా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆ స్క్రిప్ట్‌కున్న బుద్ధి మీకు లేదండీ. ఆదివారం కూడా షాపు తాళం తీసి మరీ ప్లగ్గు పీకాను. మీరు రాలేదు."

ఈ మాట ఇప్పుడు అనకపోతే జన్మలో అనలేనని అతనికి అర్థమైంది.

"మీ షాపులో గాలి ఆడదండీ," అన్నాడు. "నేను మీకోసమే వచ్చేవాణ్ణి. మీరంటే నాకు చాలా ఇష్టం."

"అయితే ఆ స్క్రిప్ట్ తీసేయండి."

"తీయను. అది బాగా పనిచేస్తోంది. ఇక ఊరికే వస్తాను."

వంటింట్లోంచి వాళ్లమ్మ తొంగి చూసింది. "ఆ బరువు కింద పెట్టమ్మా. నీ షాపుకి వీడే మోసుకొస్తాడు. ఇన్నాళ్లకి వీడికొక పని చెప్పేవాళ్లు దొరికారు."

మర్నాడు నాలుగింటికి మెషీన్ ఆగలేదు, ఫోన్ మోగలేదు. అతను మాత్రం షాపు గుమ్మంలో ఉన్నాడు.

"ఏం పని మీద వచ్చారు?" అంది ఆమె.

"ఏ పనీ లేదండీ."

ఆమె నవ్వి, స్టూలు ఇటు జరిపింది.