శంక నలభై

తీరవాడలో ఎవరింటికి వెళ్లినా, మజ్జిగ ఇచ్చినవాళ్లు ముందు తామో గుక్క తాగి చూపిస్తారు. కొత్తగా వచ్చినవాడు అదేదో మర్యాద అనుకుంటాడు, పాపం. 2140 నాటికి ఆ ఊళ్లో మనిషి మాటను మనిషి నమ్మడం మానేసి నలభై ఏళ్లయింది.

కారణం లేకపోలేదు. మహాపతనం మొదలైందే ఒక అణువిద్యుత్ కేంద్రంలో. కవాటం చూశావా అంటే, మావాడు చూశాడుగా అంటూ ఒకరిని నమ్మి ఒకరు సంతకాలు గీకేశారు. నగరాలు ఖాళీ అయిపోయాయి. పదేళ్ల తర్వాత మిగిలినవాళ్లు తీరవాడలో చిన్న రియాక్టరు వెలిగించుకున్నప్పుడు శంకామాపకాన్ని కనిపెట్టారు. ఇద్దరు ఉద్యోగులు దాని పలకల మీద అరచేతులు ఆనిస్తే, చెమటా నాడీ చూసి, ఒకరిమీద ఒకరికి నూటికి ఎంత అనుమానముందో చెబుతుంది. నలభైకి తగ్గితే సంతకం చెల్లదు. అనుమానం ఉన్నవాడే సరిగ్గా చూస్తాడని దాని సిద్ధాంతం. నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్లలో జరిగింది ఒక్కటే ప్రమాదం.

అందులో ఆవిరి కవాటం పేలి, కేంద్రంలో పనిచేసే పైడయ్యకు స్వయానా అన్న అయినవాడు పోయాడు. ముందురోజు ఆ అన్నతో కలిసి కవాటాన్ని తనిఖీ చేసింది హైమ. పైడయ్య ఊరందర్నీ నిలదీశాడు గానీ, పదకొండేళ్లుగా కేంద్రంలో తనతో పాటు పనిచేస్తున్న హైమక్కని మాత్రం ఒక్క మాటా అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదట.

ఒక మధ్యాహ్నం ఇంధన కడ్డీలుండే కొలనులో నీళ్లు తగ్గిపోతున్నాయని హైమ కనిపెట్టింది. అడుగున ఎక్కడో చీలిక. గంటలో కడ్డీలు బయటపడతాయి, పడితే ఇక ఊరు లేనట్టే. తాగునీటి ట్యాంకు గేటు ఎత్తితే చీలిక పూడ్చేదాకా గండం గడుస్తుంది. దానికి ఇద్దరి సంతకాలు కావాలి. శంక చాలినంత ఉన్న జంటలన్నీ పొలాల్లో ఉన్నాయి, రెండు గంటల దూరంలో.

"నువ్వు చూశావుగా అక్కా, చాలు," అని పైడయ్య పలక మీద చెయ్యి పెట్టాడు.

"శంక ఇరవై రెండు. చెల్లదు," అంది యంత్రం.

"పోయి నీ కళ్లతో చూసిరా," అంది హైమ. పైడయ్య పరుగున వెళ్లి చూసొచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే ఉందక్కా."

"శంక పదిహేడు. చెల్లదు."

"నీ దుంపతెగ, నీళ్లు పోతున్నాయి, కనబడట్లేదా?" అని హైమ యంత్రాన్ని తిట్టింది.

"కనబడుతున్నాయి. మీరిద్దరూ కుమ్మక్కయ్యారని నా అనుమానం."

హైమ గడియారం చూసింది. పైడయ్య మొహం చూడలేక పలకనే చూస్తూ చెప్పింది.

"ఆ కవాటంలో పగులుందని మీ అన్న నాతో అన్నాడు పైడయ్యా. ఏం కాదులే అని నేనే సంతకం పెట్టించాను."

పైడయ్య చెయ్యి పలక మీద ఉంచే ఆమెకేసి తిరిగాడు.

"శంక తొంభై ఒకటి. సంతకం చెల్లుతుంది."

గేటు లేచింది. సాయంత్రానికి చీలిక పూడ్చారు.

అప్పుడు హైమ అతని దగ్గరికెళ్లి, అది అబద్ధమని, గేటు కోసమే అన్నానని, ఆ రోజు కవాటంలో ఏ పగులూ లేదని ప్రమాణం చేసింది. తనిఖీ రిజిస్టరు తెచ్చి చూపించింది. అందులో ఉన్నవి రెండు సంతకాలు, ఒకటి చచ్చిపోయినవాడిది. పైడయ్య రిజిస్టరు మూసి ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత కూడా వాళ్ల శంక తొంభై ఒకటే. ఈ కేంద్రంలో ఇంత భద్రమైన జంట లేదని మెచ్చుకుని, యంత్రం వాళ్లిద్దరికీ జీవితాంతం కలిసి డ్యూటీ వేసింది.