ఎర్రగుట్ట దండు

ఎఫ్9 నొక్కగానే నూట ఎనభై ఎనిమిది మంది చనిపోయారు.

"సూపర్ కదా!" ఫణీంద్ర ల్యాప్‌టాప్‌ని అందరి వైపు తిప్పాడు. "పోయిన వారం ఒక్కో సైనికుడికీ పాచిక వేస్తే రెండు గంటల్లో ఒక రౌండ్ కూడా అవ్వలేదు. సాయిచంద్ గురక పెట్టాడు. ఇప్పుడు ఎక్సెల్‌లో ఫార్ములా పెట్టేశా. యుద్ధం మొత్తం పావుగంట!"

హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేసే ముగ్గురూ ప్రతి శనివారం మణికొండలో అతని ఫ్లాట్‌లో ఆడే ఆట అది. ఒక మాయారాజ్యం కథను ఫణీంద్ర నడిపిస్తాడు. సరిత, సాయిచంద్ అందులో వీరులు. ఏం చేస్తామో వాళ్ళు చెబుతారు, ఏం జరిగిందో పాచికలు చెబుతాయి. ఆర్నెల్ల కథ ఇవాళ మహాయుద్ధానికి చేరింది. అది ముగియగానే సరితను బాల్కనీలోకి పిలిచి మనసులో మాట చెప్పేయాలని ఫణీంద్ర ముహూర్తం పెట్టుకున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆమెకు ఇష్టమని టీలో అల్లం కూడా దంచి వేశాడు.

సరిత మాత్రం స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

"ఎర్రగుట్ట దండు మూడొందల మంది. నీ కథల నేనే ఊరూరు తిరిగి కూడగట్టిన. ఎవరు పోయిన్రు?"

"నూట ఎనభై ఎనిమిది."

"ఎంతమంది అని అడగలే ఫణీ. ఎవరు?"

"అది ర్యాండమ్ సరితా. ఎవరైతే ఏంటి?"

టేబుల్ కింద సాయిచంద్ అతని కాలు తొక్కాడు. కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

సరిత ఏదో అనబోయింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. వింటూ వింటూనే లేచి నిలబడింది.

"మా తమ్ముడు. తెలంగాణ ర్యాలీకి పోయిండు, తోపులాటల చెయ్యి ఇరిగిందట." బ్యాగు భుజాన వేసుకుంటూ, మూల మ్యూట్‌లో ఉన్న టీవీ వైపు చూసింది. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: నలభై మందికి గాయాలు. "సూడు, నీ ఎక్సెల్ లెక్కనే ఉన్నది. ఎవరైతే ఏంది!"

సాయిచంద్ బైకు తాళాలు తీసుకుని ఆమె వెనకే వెళ్ళాడు. హాల్లో చల్లారుతున్న మూడు కప్పుల టీతో ఫణీంద్ర మిగిలాడు.

మర్నాడు పొద్దున్నే సాయిచంద్ ఫోన్ చేసి మెహదీపట్నం దగ్గర దవాఖాన పేరు, వార్డు నంబరు చెప్పాడు. "పోతవా భాయ్? జర సోంచాయించు. ఆమె మస్తు గుస్సా మీదున్నది."

ఫణీంద్ర ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. రెండు తెల్లకాగితాలు, పెన్సిలు, వాళ్ళాడే ఇరవై ముఖాల పాచిక జేబులో వేసుకున్నాడు. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, ఆటో ఒక్కటి ఆగలేదు. నడిచాడు. సగం దారిలో వాన పట్టుకుంది. వదలకుండా దవాఖాన గేటు దాకా సాగనంపింది.

మంచం మీద కట్టు చేత్తో సరిత తమ్ముడు శ్రీను, పక్కన స్టూలు మీద వాళ్ళమ్మ రాజమ్మ. సరిత కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఎందుకొచ్చినవ్?"

"సారీ చెప్దామని. ఇంకా... పేర్లు అడుగుదామని."

"ఎవరు బిడ్డా?" అంది రాజమ్మ.

"సరిత ఆఫీసేనండి. ఫణీంద్ర. మాది తణుకు."

తణుకు అనే మాట వార్డులో కాసేపు అలాగే నిలబడిపోయింది. పక్క మంచం పెద్దాయన ఇటు తిరిగాడు. రాజమ్మ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. కాళ్ళ దగ్గర నీళ్ళ మడుగు.

"బస్సులు బందున్నయి గద. ఎట్లొచ్చినవ్?"

"మణికొండ నుంచి నడిచానండి."

"గింత వానలనా!" రాజమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏం సూస్తున్నవే? తువ్వాల ఇయ్యి."

తల తుడుచుకుని ఫణీంద్ర కాగితం పరిచాడు. "యుద్ధమంతా మనం ఆడక్కర్లేదు సరితా. అది వెనకాల దాని మానాన అది నడుస్తుంది. మనం ఒక్క వంతెన ఆడదాం. పది మంది. వాళ్ళు నిలబడితే సైన్యం ఒక అడుగు ముందుకి, వదిలేస్తే ఒక అడుగు వెనక్కి. పదిమందికీ పేర్లు కావాలి."

సరిత కంటే ముందు రాజమ్మే తమ ఊరివాళ్ళ పేర్లు అందుకుంది.

"రాయి. మల్లయ్య. బాయిల పూడిక తీస్తడు, ఉక్కు మనిషి. ఎల్లేశం. డప్పు కొడితే రెండూర్లు లేస్తయి. కొమురమ్మ..."

"ఆడవాళ్ళు కూడానా అండి?"

"ఏం, కొమురమ్మకు కొడవలి పట్టరాదా?"

శ్రీను నవ్వి, నొప్పికి మూలిగి, మళ్ళీ నవ్వాడు. తొమ్మిది పేర్లయ్యాయి, పదో గీత ఇంకా ఖాళీ. పాచిక టిఫిన్ మూతలో గిర్రున తిరిగింది.

"రెండే పడింది," ఫణీంద్ర గొంతు తగ్గించాడు. "మల్లయ్యకి ఈటె తగిలింది."

"అయ్యో, ఇద్దరు పిల్లలు గదరా ఆయనకు!" అంది రాజమ్మ.

"నేను మోసుకొస్త," అంది సరిత. ఎప్పుడొచ్చిందో, మంచం అంచున కూర్చుని ఉంది.

"నువ్వు వచ్చేస్తే వంతెన పోతుంది."

"పోనీ. వంతెన మళ్ళ పట్టుకుంటం. మల్లయ్యను ఎక్కడ తెస్తం?"

సైన్యం ఒక అడుగు వెనక్కి అని రాసుకున్నాడు ఫణీంద్ర. ఓడిపోవడం ఇంత బావుంటుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"మరి నువ్వేడున్నవ్ బిడ్డా గిందుల?" రాజమ్మ అడిగింది.

"నేను కథ నడిపేవాణ్ణండి. నాకు పాత్ర ఉండదు."

"గిదేం ఆట! అందరు కొట్లాడుతుంటే నువ్వు ఊకె సూస్తవా?"

ఫణీంద్ర రాయడం ఆపాడు. "చూస్తూ ఉండలేకే వచ్చానండి," అన్నాడు. "సరితతో ఉండాలని ఉంది. ఆటలోనే కాదు. నిన్ననే చెబుదామనుకున్నా, ఇంతలో నా నోరే నన్ను ముంచింది."

వార్డంతా వింటోంది. సరిత బుగ్గలు ఎర్రబడ్డాయి.

"రేపు తెలంగాణ వచ్చినంక గూడ గిట్లనే అంటవా?"

"వచ్చాక నువ్వు స్వీట్లు పంచుతావుగా. బాక్సులు నేను మోస్తా."

"మీ ఇంట్ల?"

"అమ్మ గొడవ చేస్తుంది. నేనూ గట్టిగానే చేస్తా."

సరిత అతని చేతిలోంచి పెన్సిల్ లాక్కుంది. పదో గీత మీద నెమ్మదిగా రాసింది: ఫణీంద్ర, తణుకు.

"అమ్మా," శ్రీను గొంతు సవరించుకున్నాడు, "బావకు చాయ్ తెప్పియ్యి."

"నోర్ముయ్," అంది సరిత. కానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

రాజమ్మ పాచిక తీసుకుంది. "ఈ పిలగానిది నేనేస్త. ఎంత పడాలె?"

"పది దాటాలండి. లేకపోతే..."

రాజమ్మ పాచికను మూతలోకి విసిరింది. అది ఆగకముందే, ఎంత పడిందో ఎవరికీ కనబడకుండా, అరచేత్తో కప్పేసింది.

"బతికిండు," అంది.