నాడె కంటిలో ఎర్రదారం

హులిగమ్మ తాగుతున్న మజ్జిగ ముక్కులోనుంచి కారింది. దానితోపాటు సన్నగా నెత్తురు... ఆమె గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అయినా ఎదురుగా కూర్చున్న మల్లేశ్వరి చూడనే చూసింది. కూతురి చేతిలోని రొట్టెముక్క అట్లే జారిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచిమ్మా ఇట్ల?”

“నిన్నటినుంచే. జలుబులే మల్లీ... నువ్వు తిను, ఆదోని బస్సు పోతాది.”

జలుబు కాదని మల్లేశ్వరికి తెలుసు. ఆదోనిలో పళ్ళ డాక్టరు దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల. తల్లికి పైదవడలో ఎడమపక్క పళ్ళు ఊడి ఏళ్ళయింది. ఎముక పల్చబడిపోయింది. తొమ్మిది రోజుల కిందట డాక్టరు చిగురును పెద్దగా కోయకుండా, పన్ను కూర్చోబెట్టే చిన్న రంధ్రంలో నుంచే పైనున్న పొరను మెల్లగా ఎత్తి, దాని కింద ఎముకపొడి నింపి, ఇంప్లాంటు మర బిగించాడు. ముక్కుపక్క గాలిగదికి అడుగున ఉండే పొర అది, ఉల్లిపొరంత పల్చన. ముక్కు చీదరాదు, స్ట్రా పెట్టి పీల్చరాదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి... ఆ జాగ్రత్తలన్నీ తల్లికి చదివి చెప్పింది మల్లేశ్వరే.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో మల్లేశ్వరి తల్లి బుగ్గ వైపే చూస్తూ కూర్చుంది. ఈ పళ్ళు తల్లి అడిగినవి కావు. ఒకసారి ఆమె రొట్టెలమూట తీసుకుని ఆసుపత్రికి వస్తే, ఆ లోతుకుపోయిన బుగ్గ చూసి తోటిపిల్ల రాణి కిసుక్కుమంది. ఆ పొద్దే పళ్ళు పెట్టించాలని పట్టుబట్టింది మల్లేశ్వరి. అమ్మ నమలలేక పడే బాధ చూసి కాదు... తన సిగ్గు చూసుకుని.

డాక్టరు లైటు వేసి చూసి పెదవి విరిచాడు.

“పొర చిరిగింది. మర కదిలింది. తీసేసి మూసెయ్యాలి. మళ్ళీ పెట్టాలంటే నెలలు ఆగాలి. ముక్కు చీదినావా అమ్మా?”

“లేదు సార్.”

“స్ట్రాతో ఏమన్నా తాగినావా? బీడీ తాగే అలవాటుందా?”

“అయ్యో, లేదు సార్.”

“మరి గట్టిగా పీల్చినట్టుందే.”

ఆ మాట విని హులిగమ్మ కొంగు సవరించుకుంది. కూతురి తెల్లకోటు వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

“చీదినాను సార్. నాదే తప్పు.”

గాయం శుభ్రం చేసే గొట్టం పట్టుకుని వంగిన మల్లేశ్వరి చేయి ఆగిపోయింది. కుట్టుకు చుట్టుకుని సన్నటి ఎర్రనూగు... చీర నేసే దారం!

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా, నాడె కంటికి, ఆ చిన్న రంధ్రానికి నోరానించి దారాన్ని బయటికి పీలుస్తుంది అమ్మ. దినానికి ఎన్నిసార్లో. ఆ చప్పుడుకే నిద్రలేచి పెరిగిన కూతురు ఈ తొమ్మిది రోజులూ దాన్ని వింటూనే ఉంది. పుట్టినప్పటినుంచి వింటున్న చప్పుడు కదా, చెవికెక్కలేదు. మొదటిరోజు డాక్టరు “మీ అమ్మ ఏం పని చేస్తుంది?” అని అడిగాడు. హులిగమ్మ నోరు తెరిచేలోపే మల్లేశ్వరి అందుకుంది, “ఏమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది.” తల్లి తెరిచిన నోరు మూసుకుని కొంగు కప్పుకుంది...

“చీదలేదు సార్,” అంది మల్లేశ్వరి. “మా అమ్మ మగ్గం నేస్తాది. నాడెలో దారం నోటితోనే పీలుస్తాది. ఆ పొద్దు మీరడిగితే నేనే అబద్ధం చెప్పినాను. నిజం చెప్పింటే నోటితో పీల్చద్దని మీరే అనింటారు. మగ్గం మీదనే నన్ను చదివించింది సార్... ఆ మాట చెప్పుకునేదానికి నాకు సిగ్గయింది.”

రాణి చేతిలో దూది పట్టుకుని అట్లే నిలబడిపోయింది. డాక్టరు పట్టకారుతో ఆ నూగును తీశాడు. హులిగమ్మ కళ్ళు మూసుకుంది. చెంపల మీదుగా చెవుల్లోకి నీళ్ళు జారాయి.

బస్టాండులో కూర్చున్నాక ఆమె నోట్లో దూదితోనే గొణిగింది.

“అంతమందిలో యాల చెప్తివే? చీదినాననే అనుకుంటాండ్రి కదా.”

“నువ్వెందుకు అబద్ధమాడితివి? అయినా, నోరు మానకముందే మగ్గమెందుకు ఎక్కితివిమ్మా?”

“నీ చీరకేలే. ఆసుపత్రిలో ఏదో ఫంక్షన్ ఉందంటివి... ఎర్రదైతే నీకు బాగుంటాదని. అంగట్లో కొన్న్యానని చెప్పుకుందువులే మల్లీ.”

మల్లేశ్వరి తల్లి ఒడిలో తల పెట్టుకుని, జనం చూస్తున్నా ఏడ్చింది.

మరుసటి పొద్దున ఇంట్లో ఉన్న నాడెలు చాలక పక్కింటివి కూడా అడిగి తెచ్చింది. ఎనిమిది నాడెల్లో కండెలు పెట్టి, ఒక్కొక్కదానికీ నోరానించి దారం పీల్చి, మగ్గం పక్కన వరసగా పేర్చింది. తల్లి చూస్తూ కూర్చుంది.

“ఇవి అయిపోతే నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు.”

“సరేలే. పెదిమ తుడుచుకుని పో. ఆడ నవ్వుతారు.”

మల్లేశ్వరి తుడుచుకోలేదు.

ఆసుపత్రిలో రాణి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది, “అక్కా, నీ పెదిమకేదో ఎర్రగా అంటుకున్యాది.”

“దారం,” అంది మల్లేశ్వరి. “మా అమ్మ మగ్గంది.”