బొటనవేలి మీద తడి

మధ్యాహ్నం నాలుగింటికే మబ్బు కమ్మి, కుట్టుగది మసకబారింది. మిషను ముందు కూర్చున్న దర్జీ ఆవిడకు సూది గుచ్చుకున్నది. వెంటనే ఎడమ చేతిని కిందికి జార్చింది. అది తొమ్మిదేళ్ల అలవాటు. సూది దిగినప్పుడల్లా పెంపుడు పిల్లి వచ్చి ఆ నెత్తుటి చుక్కను నాకేది. ఆ గరుకు నాలుకే ఆమెకు మందు.

కాని, పిల్లిని పెరట్లో పూడ్చి మూడు రోజులైనది.

గడప దగ్గర బొత్తాలు ఏరుతున్న అక్క, ఒకనాటి నర్సు, తలెత్తింది.

“ఆసుపత్రికి వెళ్లావా?”

“అది నన్ను కరవలేదు కదక్కా. ఒళ్లో పెరిగిన పిల్లి.”

“ఒళ్లో పెరిగిందని జబ్బుకు మొహమాటమా? రెండు నెలల కిందట వీధికుక్క దాని చెవి చీల్చింది. టీకా వేయించక ఎన్నేళ్లయింది? పోయేముందు గుక్కెడు నీళ్లు మింగలేక చొంగ కార్చింది. పచ్చిగాయాన్ని నాకినా కరిచినట్టే లెక్క. అది రేబీసే అయితే, నీలో బయటపడ్డాక ఇక మందు లేదు.”

“సూది అంటేనే...”

“పొద్దస్తమానం సూదులతో కాపురం చేస్తూ, ఒక్క సూదికి వణుకుతావేమే?”

చెల్లెలికి నవ్వు రాలేదు. మిషను కింద ఏదో గురగురమన్నది. మింగబోయి, మింగలేక... మళ్లీ మింగబోయి...

“వినబడిందా?” అని గుసగుసగా అడిగింది.

“ఏమిటే?”

బొటనవేలికి ఏదో తగిలింది. గరుకుగా. తడిగా. చేయి పైకి లాగి చూసుకున్నది. నెత్తురు లేదు. తీగలా సాగే చొంగ.

ఆమె సబ్బుతో చేయి కడిగి, ఆరేళ్ల మనవరాలిని అక్కకు అప్పగించి, ఆసుపత్రికి పరుగెత్తింది.

టీకా వేయించుకొని తిరిగివచ్చేసరికి ఇంట్లో దీపాలు వెలిగాయి. అక్క వంటగదిలో ఉన్నది. మనవరాలు కుట్టుపీట మీద ముడుచుకొని కూర్చున్నది. ముంజేతిపై మూడు గీతలు. ఇంకా నెత్తురు చెమరుస్తున్నది.

“పిల్లి గీరింది, అమ్మమ్మా.”

“ఎప్పుడు?”

“ఇందాకే. నీ కోసం గదంతా వెతికింది.”

ఆమె కేకకు అక్క పరుగున వచ్చి, గీతలను చూచి, పాలిపోయింది. “ముందు కడుగు. సబ్బుతో, పావుగంట. నేను బండిని పిలుచుకొస్తాను” అంటూ వీధిలోకి ఉరికింది.

అమ్మమ్మ పిల్లను పెరటి కుళాయి కిందికి లాక్కుపోయింది. నీరు దూకగానే, వెనుక చీకట్లో గోళ్లు బండలను రాచుకుంటూ వెనక్కి జరిగాయి.

సబ్బు అందుకోవడానికి ఒక్క క్షణం కుళాయి కట్టేసింది. గోళ్లు ముందుకు వచ్చాయి.

గబుక్కున మళ్లీ తిప్పింది. గోళ్లు ఆగాయి.

“అది ఇంకా అక్కడే ఉంది, అమ్మమ్మా” అన్నది పిల్ల, మెల్లగా.

ఆమె వెనుదిరిగి చూడలేదు. పైన నీళ్ల తొట్టి అడుగంటి గుటకలు వేస్తున్నది. నీటిధార సన్నబడుతున్నది...